పోస్టర్ వచ్చిందని వెనక్కి తగ్గకండి: వియన్నా కాన్ఫరెన్స్ అనుభవాలు, కొన్ని జాగ్రత్తలు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: వచ్చే ఏప్రిల్‌లో వియన్నాలో జరిగే యూరోపియన్ జియోసైన్సెస్ యూనియన్ (ఈజీయూ) అనే భూశాస్త్రవేత్తల సంఘం వార్షిక సమావేశానికి మీ అబ్‌స్ట్రాక్ట్ (పరిశోధన సారాంశం) ఎంపికైంది. కానీ ప్రసంగం అడిగితే పోస్టర్ (చేసిన పనిని పెద్ద షీటు మీద వేసి, బోర్డుకి అంటించి, పక్కన నిలబడి వివరించడం) ఇచ్చారు. "పోస్టర్ కోసం అంత ఖర్చెందుకు" అని మీ పరిశోధన గైడ్ అంటున్నారు. మీకిదే మొదటి విదేశీ ప్రయాణం. ఇలా వెళ్లొచ్చినవాళ్లకి గుర్తుండిపోయిన అనుభవాలేమిటి, ఏం చూసుకుని వెళ్లాలి అన్నది మీ ప్రశ్న.

వెళ్లండి. మొదటిసారి వెళ్లేవాళ్లకి ప్రసంగం కంటే పోస్టరే మేలు. నేను భూగర్భ జలాల మీద, ముఖ్యంగా నల్లగొండ వైపు బోరు నీళ్లలో ఉండే ఫ్లోరైడ్ మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్నదాన్ని. ప్రసంగాలకీ వెళ్లాను, పోస్టర్లకీ వెళ్లాను. స్టేజీ ఎక్కి మాట్లాడిన చోట్ల ఏం మాట్లాడానో ఇప్పుడు నాకే సరిగ్గా గుర్తు లేదు. పోస్టర్ పక్కన నిలబడ్డ ఒక సాయంత్రం మాత్రం బాగా గుర్తుంది. అది 2019లో, మీరు వెళ్లబోయే ఆ సమావేశంలోనే.

ముందు అక్కడి లెక్క చెప్తాను. ఆ ఏడాది 113 దేశాల నుంచి 16 వేలమందికి పైగా వచ్చారు. ప్రసంగాలు 5 వేల పైచిలుకు, పోస్టర్లు 9 వేల పైచిలుకు. ఎక్కువమంది పని జనం కంటపడేది పోస్టర్ మీదే. పుస్తకాల్లో మనం పేర్లు చదువుకున్న పెద్ద ప్రొఫెసర్లు కూడా తమ పోస్టర్ తామే మోసుకొచ్చి, బోర్డుకి తామే అంటించుకుని, పక్కన నిలబడి అడిగినవాళ్లందరికీ జవాబు చెప్తుంటారు. మన సెమినార్లలో పోస్టర్లని వరండాలో టీ కౌంటర్ పక్కన పెట్టి, జడ్జీలు వచ్చేదాకా పిల్లల్ని నిలబెట్టడం మనందరికీ అలవాటే. మీ గైడ్ గారు ఆ లెక్కలో అని ఉంటారు. అక్కడ పద్ధతి వేరు.

ప్రసంగం సంగతి చూడండి. మీ వంతుకి వచ్చేది ప్రశ్నలతో కలిపి పది పన్నెండు నిమిషాలు. వెనకాల మరొకరు సిద్ధంగా ఉంటారు, చైర్‌పర్సన్ గడియారం చూస్తుంటారు. ఒక ప్రశ్న, మహా అయితే రెండు. అడిగినవాళ్లు ఎవరో, ఎందుకు అడిగారో తెలుసుకునేలోపే వాళ్లు ఇంకో హాలుకి వెళ్లిపోతారు. పోస్టర్ దగ్గర గంటన్నర పైన సమయం ఉంటుంది. ఆగి చదివేవాళ్లు తక్కువే, కానీ ఆగినవాళ్లకి నిజంగా మీ పనితో అవసరం ఉంటుంది.

ఇక ఆ సాయంత్రం గురించి. నా పోస్టర్ మీద నల్లగొండ జిల్లా మ్యాప్ ఒకటి పెద్దగా వేశాను. ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన బోర్లకి ఎర్రచుక్కలు, దాటనివాటికి నీలిచుక్కలు. కింద గ్రానైట్ రాతిలో నీరు ఎంత లోతున ఉందో, వరిపొలాల నుంచి తిరిగి ఇంకే నీటితో ఫ్లోరైడ్ ఎలా పెరుగుతోందో చూపించే గ్రాఫులు. చాలామంది వచ్చి గ్రాఫులు చూసి, తల ఊపి, ఒక ఫోటో తీసుకుని వెళ్లిపోతున్నారు.

అలా నడుస్తుండగా ఒకావిడ వచ్చి గ్రాఫుల వైపు కన్నెత్తి కూడా చూడకుండా మ్యాప్ మీద వేలు పెట్టింది. "నల్గోండా! ఇది నిజంగా ఒక ఊరా?" అంది. ఆవిడ ఇథియోపియా నుంచి వచ్చిన నీటి ఇంజినీరు. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 1970లలో నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) తయారుచేసి, మన జిల్లా పేరే పెట్టింది. అది ఇథియోపియా, కెన్యా, టాంజానియా దేశాల్లోని రిఫ్ట్ లోయ పల్లెల దాకా వెళ్లింది. అక్కడి బోరు నీళ్లలో కూడా ఫ్లోరైడ్ ఎక్కువ, కాకపోతే అగ్నిపర్వత శిలల వల్ల, పిల్లల పళ్ల మీద గోధుమరంగు గారలు, పెద్దవాళ్లకి ఎముకలు వంగిపోవడం. ఆవిడకి చదువుకునే రోజుల నుంచీ ఆ పద్ధతి తెలుసు. దాని వెనక ఒక జిల్లా ఉందని, అక్కడ మనుషులుంటారని ఎప్పుడూ అనుకోలేదట.

అక్కడే నిలబడి చేత్తో బకెట్‌లో కలిపినట్టు చేసి చూపించింది. ముందు గబగబా, తర్వాత చాలాసేపు నిదానంగా. ఆ తర్వాత మడ్డి అడుక్కి దిగేదాకా ఆగాలి. పైన తేరుకున్న నీళ్లు వంచుకోవాలి. "మా పల్లెల్లో కొన్నాళ్లు చేశారు, తర్వాత మానేశారు. మీ దగ్గర?" అని అడిగింది. మా దగ్గరా అంతే అన్నాను. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం.

అక్కడి నుంచి మాటలు అసలు విషయంలోకి దిగాయి. రసాయన శాస్త్రం ప్రకారం ఆ పద్ధతిలో లోపం లేదు. కానీ పటిక ఎవరు కొనాలి? ఒక్కో బోరులో ఫ్లోరైడ్ ఒక్కోలా ఉంటే, క్షారత ఇంకోలా ఉంటే, ఎంత వెయ్యాలో ఇంట్లో ఎవరు లెక్కకట్టాలి? ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది, తక్కువైతే ఫ్లోరైడ్ తగ్గదు. అడుగున మిగిలిన మడ్డి ఎక్కడ పారబొయ్యాలి? ఈ చిక్కులన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. పుస్తకాల్లో రాయని ఇబ్బందుల గురించి, వేరే ఖండంలో అవే పడుతున్న మనిషితో మాట్లాడటం నాకదే మొదటిసారి.

ఇప్పుడు మా వైపు చాలా ఊళ్లకి మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయని, చౌటుప్పల్‌లో దాని పైలాన్ ఉందని చెప్పాను. వెంటనే ఆవిడ ఇంకో ప్రశ్న వేసింది. "తాగేది ఆ నీళ్లు సరే. అన్నం, పప్పు ఏ నీళ్లతో వండుతారు?" ఈ ప్రశ్న ఇక్కడి సెమినార్లలో ఎవరూ అడగగా నేను వినలేదు. చాలా ఇళ్లల్లో తాగడానికి ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాన్ తెచ్చుకుంటారు, వంటకి మాత్రం చేతికందిన బోరు నీళ్లే. బియ్యం, పప్పు ఉడుకుతూ ఎంత నీటిని పీల్చుకుంటాయో వంట చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు. తిరిగొచ్చాక మా సర్వే ఫారంలో "వంట నీళ్లు ఎక్కడివి" అని ఒక గడి కొత్తగా చేరింది. దాని మీదే మా ల్యాబ్‌లో ఒక అమ్మాయి ఎంఎస్సీ ప్రాజెక్టు చేసింది.

ఈ మాట మీ గైడ్ గారికి చెప్పి చూడండి. ప్రసంగమైతే ఆవిడ వెనక వరుసలో కూర్చుని, విని, వెళ్లిపోయేది.

పోస్టర్ తయారుచేసేటప్పుడు ముందు చూడాల్సింది బోర్డు కొలత. వియన్నాలో బోర్డు అడ్డంగా ఉంటుంది, దాదాపు రెండు మీటర్ల వెడల్పు, మీటరు ఎత్తు. మన దగ్గర అలవాటు కొద్దీ అందరూ నిలువుగా డిజైన్ చేస్తారు. మా ఆఫీసు కుర్రాడొకడు అలాగే నిలువు పోస్టర్ పట్టుకొచ్చాడు. కింది భాగం బోర్డు దాటి వేలాడుతుంటే, ముగింపు చదవాలనుకున్నవాళ్లు గొంతుక్కూర్చోవాల్సి వచ్చింది. మీకొచ్చే సూచనల మెయిల్‌లో కొలతలు ఉంటాయి, అవి చూశాకే డిజైన్ మొదలుపెట్టండి. ప్రింటు బట్ట మీద వేయించుకోండి. హైదరాబాద్, విజయవాడల్లో పెద్ద ప్రింటింగ్ షాపుల్లో వేస్తారు. చీరలా మడతపెట్టి చేతిసంచిలో పెట్టుకోవచ్చు, పొడుగాటి గొట్టం మోసే బాధ ఉండదు. బ్యాగు ఎక్కడో ఆగిపోయినా పోస్టర్ మీ దగ్గరే ఉంటుంది.

పోస్టర్ మీద అక్షరాలు తగ్గించండి. మీ ఊరు మ్యాప్ మీద పెద్దగా కనబడాలి. ఇది నా గట్టి నమ్మకం. కుర్రాళ్లు చాలామంది ప్రపంచ స్థాయిలో కనబడాలని ఊరి పేర్లు తీసేసి "ఒక పాక్షిక శుష్క గ్రానైట్ ప్రాంతం" అని రాస్తారు. అలాంటి ప్రాంతాలు లోకంలో వందలున్నాయి, ఎవరికీ ఆగబుద్ధి కాదు. ఊరు, బోరు, దాని లోతు, ఆ పొలంలో పంట, వీలైతే ఒక ఫోటో పెట్టండి. ఎవరైనా ఆగితే గడగడా అప్పజెప్పకండి. "మీరేం పని చేస్తారు?" అని మీరే ముందు అడగండి. వాళ్ల జవాబుని బట్టి మీ పోస్టర్‌లో ఏ మూల చూపించాలో మీకే తెలుస్తుంది. ఒక చిన్న నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి. మనిషి కదిలిన వెంటనే వాళ్ల పేరు, దేశం, ఏం అడిగారో రెండు ముక్కలు రాసుకోండి. రాత్రి గదికెళ్లి రాద్దామంటే ముఖాలన్నీ కలిసిపోతాయి.

యాస అర్థం కాదేమోనని రాశారు. మీకే కాదు, వచ్చినవాళ్లలో చాలామందికి ఇంగ్లీషు రెండో భాషో మూడో భాషో. అర్థం కాకపోతే "ఇంకోసారి చెప్పండి" అనడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. రెండోసారీ అర్థం కాకపోతే పెన్ను వాళ్ల చేతికిచ్చి, "బొమ్మ గీసి చూపిస్తారా" అనండి. పోస్టర్ దగ్గర ఈ వెసులుబాటు ఉంది, స్టేజీ మీద ఉండదు.

మిగతా రోజుల్లో హాలు నుంచి హాలుకి పరుగులు పెట్టకండి. ఒకే సమయంలో పదుల కొద్దీ సెషన్లు నడుస్తుంటాయి. అన్నీ పట్టుకోవాలని చూస్తే ఏదీ మిగలదు. రోజుకి రెండు సెషన్లు ఎంచుకుని మొదటి నుంచి చివరిదాకా కూర్చోండి. మిగిలిన సమయం పోస్టర్ల మధ్య తిరగండి. మన టైముకీ అక్కడి టైముకీ ఏప్రిల్‌లో మూడున్నర గంటల తేడా. మొదటి రెండు రోజులు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది, సాయంత్రం అయిదింటికి కళ్లు మూతలు పడతాయి. అందుకే వీలైతే పోస్టర్ రోజుకి కనీసం ఒకరోజు ముందే చేరుకోండి.

బస హాలుకి దగ్గర్లోనో, మెట్రో స్టేషన్ పక్కనో చూసుకోండి. బంధువుల ఇల్లు ఉందని దూరం వెళ్లకండి. వియన్నాలో మీకు చుట్టాలు ఉండకపోవచ్చు కానీ ఇది ముందుముందు పనికొస్తుంది. మా సహోద్యోగి ఒకాయన శాన్‌ఫ్రాన్సిస్కోలో డిసెంబర్‌లో జరిగిన పెద్ద భూభౌతిక సమావేశానికి వెళ్లి, ఖర్చు కలిసొస్తుందని ఫ్రీమాంట్‌లో పెద్దమ్మ కొడుకు ఇంట్లో దిగారు. ప్రేమగా చూసుకున్నారు, రోజూ పప్పు, వేపుడు, పెరుగన్నం. కానీ సాయంత్రం అయిదయ్యేసరికి "అన్నయ్యా, బయల్దేరావా" అని ఫోను. బార్ట్ అనే అక్కడి లోకల్ రైల్లో పోను గంట, రాను గంట. ఇంటికొచ్చేసరికి ఆయన్ని చూడటానికి వీధిలోని తెలుగువాళ్లంతా హాజరు. ఒక్క సాయంత్రం కూడా తోటి సైంటిస్టులతో కూర్చోలేకపోయారు. చుట్టాలింటికి సమావేశం అయ్యాక రెండు రోజులు ప్రత్యేకంగా వెళ్లండి. వాళ్లకీ సంతోషం, మీకూ ప్రశాంతం.

వియన్నాలో హాలు పేరు ఆస్ట్రియా సెంటర్, ఐక్యరాజ్యసమితి భవనాల పక్కనే. యూ1 మెట్రోలో కైజర్‌మ్యూలెన్ స్టేషన్‌లో దిగితే అక్కడే. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి ఖరీదైన ఎక్స్‌ప్రెస్ రైలు ఒకటుంది, దాని బోర్డులే ముందు కనబడతాయి. అదే దారిలో ఎస్7 అనే మామూలు లోకల్ రైలు చాలా తక్కువకి తీసుకెళ్తుంది, కాస్త ఆలస్యం అంతే. స్టేషన్‌లో గేట్లు ఉండవు, టికెట్ అడిగేవాళ్లు కనబడరు. అంతమాత్రాన ఊరుకోకండి. కాగితం టికెట్ అయితే లోపలికి వెళ్లేటప్పుడు నీలం డబ్బాలో దూర్చి ముద్ర వేయించుకోవాలి. అది లేకుండా తనిఖీలో దొరికితే జరిమానా వంద యూరోలకు పైనే. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూతబడతాయి, పెద్ద రైల్వే స్టేషన్లలో ఉన్నవి తప్ప. శనివారమే బ్రెడ్డు, పెరుగు, పళ్లు తెచ్చిపెట్టుకోండి. ఏప్రిల్‌లో మనకి ఎండలు మండుతుంటాయి కాబట్టి స్వెటర్ గుర్తురాదు. అక్కడ పొద్దున్నే గాలి చురుక్కుమంటుంది.

ఇక నాకు రెండో జ్ఞాపకం కుళాయి నీళ్లు. నవ్వకండి, మా వృత్తి అది. హాల్లో అందరూ సీసాలు కుళాయి దగ్గరే నింపుకుంటుంటే, మన అలవాటు చొప్పున నేను మాత్రం కొన్న సీసా పట్టుకుని తిరుగుతున్నాను. ఆస్ట్రియా సైంటిస్టు ఒకాయన చూసి, "మా స్యూస్ గారిని అవమానిస్తున్నారు" అన్నారు. ఎడ్వర్డ్ స్యూస్ పేరు భూగర్భ శాస్త్రం చదివినవాళ్లకి కొత్తకాదు. గోండ్వానాలాండ్ అనే ప్రాచీన మహాఖండానికి ఆ పేరు పెట్టింది ఆయనే. మన సింగరేణి బొగ్గు ఉన్నవి కూడా గోండ్వానా పొరలే. కానీ ఆయన వియన్నా ఊరికి నీళ్లు తెచ్చిన మనిషని నాకు అంతవరకూ తెలీదు.

19వ శతాబ్దం మధ్యలో వియన్నా జనం ఊళ్లోని బావుల నీళ్లు తాగేవాళ్లు. కలరా, టైఫాయిడ్ తరచూ వచ్చిపడేవి. స్యూస్ 1862లో వియన్నా నగరం కింది నేల గురించి ఒక పుస్తకం రాసి, ఏ పొరలో నీరు ఎలా కదులుతోంది, ఎక్కడ ఎలా పాడవుతోంది అన్నది వివరించాడు. ఊళ్లో నీటిని బాగుచెయ్యడం కంటే ఆల్ప్స్ పర్వతాల ఊటనీళ్లు తెచ్చుకోవడమే దారి అని పట్టుబట్టాడు. ష్నేబెర్గ్, రాక్స్ కొండల దగ్గర నుంచి దాదాపు 95 కిలోమీటర్ల కాలువ కట్టారు. 1873 అక్టోబర్‌లో నీళ్లు ఊళ్లోకి వచ్చాయి. పంపులు లేవు, అంతా వాలు మీదే. ఆ తర్వాత 1910లో రెండో కాలువ వచ్చింది. ఈ రోజుకీ వియన్నా తాగేది ప్రధానంగా ఆ నీళ్లే. నీళ్లు వచ్చిన సందర్భంగా ష్వార్జెన్‌బెర్గ్‌ప్లాట్జ్ అనే కూడలిలో పెద్ద ఫౌంటెన్ పెట్టారు. తిరుగు ప్రయాణం రోజు పొద్దున్న అక్కడికి వెళ్లాను.

అక్కడ నిలబడితే నాకు మళ్లీ ఆ ఇథియోపియా ఆవిడే గుర్తొచ్చింది. వియన్నా కూడా తన బావుల్ని శుద్ధి చేసుకోలేదు, దూరం నుంచి మంచినీళ్లు తెచ్చుకుంది. నల్లగొండలో చివరికి జరిగిందీ అదే. పటిక బకెట్లు కొన్నాళ్లు నడిచాయి, నిలిచింది కృష్ణా పైపు. రిఫ్ట్ లోయ పల్లెలకి దగ్గర్లో మంచినీటి ఆధారం లేకపోతే ఈ జవాబు పనిచెయ్యదు, వాళ్లకి ఇంకో దారి కావాలి. ఆవిడతో ఆ తర్వాత మెయిళ్లలో మేం వాదించుకున్నది చాలావరకు దీని గురించే. పైపు వస్తే సరిపోతుందని నేను, పైపు రోజూ పారుతుందని నమ్మకం ఏమిటని ఆవిడ. ఎండాకాలం సరఫరా ఆగిన రోజుల్లో మా జనం మళ్లీ బోరుకే వెళ్తున్నారని తెలిశాక ఆవిడ మాటకే నేను కొంత ఒప్పుకోవాల్సి వచ్చింది.

కాబట్టి వెళ్లే ఊళ్లో మీ సబ్జెక్టుకి సంబంధించినది ఏముందో ముందే చూసుకుని, దానికి ఒక పూట కేటాయించండి. రాజుల కోటలు, మ్యూజియాలు అందరూ చూస్తారు, మీరూ చూడండి. కానీ ఇది వేరు. ఫిజిక్సు మీద ఇష్టముంటే 71వ నంబరు ట్రామ్ ఎక్కి ఊరి చివరి పెద్ద శ్మశానానికి వెళ్లండి. భౌతిక శాస్త్రవేత్త బోల్ట్‌జ్‌మన్ సమాధి మీద ఆయన ఎంట్రోపీ సూత్రం చెక్కి ఉంటుంది. బీథోవెన్, షూబర్ట్, బ్రామ్స్ సమాధులు కూడా అదే శ్మశానంలో ఉన్నాయి. శ్మశానానికి షికారేంటని మా అమ్మ ఫోన్‌లో కేకలేసింది, అది వేరే సంగతి.

తిండి. శాకాహారులు భయపడక్కర్లేదు. ఫలాఫెల్, పిజ్జా, చీజ్ వేసిన నూడుల్స్ లాంటి వంటకాలు ఎక్కడైనా దొరుకుతాయి. మూడో రోజుకి నాలుక చచ్చిపోతుంది కాబట్టి పచ్చడి, కారప్పొడి పెట్టుకెళ్తే మంచిదే. కానీ ఒకటి గుర్తుంచుకోండి: యూరప్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లడం నిషిద్ధం. మీ అమ్మగారు ప్రేమగా కట్టిచ్చే చికెన్ పచ్చడి, పాలకోవా, నెయ్యి సీసా కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే పారేస్తారు, జరిమానా కూడా పడొచ్చు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, పులిహోర పేస్టు పెట్టుకోండి. నూనె పచ్చళ్లు చెక్‌-ఇన్ బ్యాగులో, రెండు కవర్లు చుట్టి. చేతిసంచిలో పెడితే ద్రవాల నిబంధన కింద సెక్యూరిటీలోనే పోతాయి.

వీసా. ఇది షెంగెన్ వీసా, అంటే యూరప్‌లోని చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందు ఇవ్వాలి. కానీ అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం కాబట్టి అంగీకార పత్రం చేతికి రాగానే మొదలుపెట్టండి. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. కనీసం 30 వేల యూరోల కవరేజీ ఉన్న ప్రయాణ బీమా తప్పనిసరి. తిరుగు ప్రయాణం తర్వాత కూడా పాస్‌పోర్టు మూడు నెలలు చెల్లుబాటులో ఉండాలి. ఆహ్వాన లేఖ, గది బుకింగ్, తిరుగు టికెట్, బీమా కాగితం, ఈ నాలుగూ ప్రింటు తీసి చేతిసంచిలో పెట్టుకోండి. ఇమ్మిగ్రేషన్ దగ్గర ఫోన్‌లో వెతుక్కుంటూ నిలబడితే వెనక ఉన్నవాళ్ల చూపులతోనే టెన్షన్ వచ్చేస్తుంది. ఎందుకొచ్చారని అడిగితే రెండు ముక్కల్లో చెప్పండి. నన్నడిగిన అధికారికి "తాగునీటి మీద సమావేశం" అన్నాను, అంతే, ముద్ర వేసేశాడు. ఫ్లోరైడ్ గురించి మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదో.

మీకు కాకపోయినా ఇది చదివే ఆడపిల్లలకి ఒక మాట. రాత్రిపూట మెట్రోలో ఒంటరిగా వచ్చాను, ఇబ్బంది ఏమీ ఎదురవలేదు. పోస్టర్ల దగ్గర సాయంత్రం కొందరు బీరు తాగుతూ మాట్లాడతారు. అది అక్కడ మామూలే. మీరు జ్యూస్ గ్లాసు పట్టుకుని నిలబడినా ఎవరూ ప్రశ్నించరు.

ఒక హెచ్చరిక కూడా. ఈ జవాబు చదివి ఏ విదేశీ కాన్ఫరెన్స్ అయినా మంచిదే అనుకోకండి. "గౌరవనీయ శాస్త్రవేత్త గారికి" అని మొదలుపెట్టి, మీ సబ్జెక్టుతో సంబంధం లేకుండా ముఖ్యవక్తగా రమ్మని పిలిచే మెయిళ్లు మనందరికీ వస్తుంటాయి. అబ్‌స్ట్రాక్ట్ పంపిన మర్నాడే అంగీకరిస్తారు, ఒకే హోటల్లో ఒకే రోజు ఇంజినీరింగ్, వైద్యం, మేనేజ్‌మెంట్ అన్నీ కలిపి నడిపిస్తారు. డబ్బు కట్టించుకోవడమే వాళ్ల పని. నేను చూసుకునే గుర్తు ఒక్కటే: ఆ సమావేశం వెనక సభ్యులున్న శాస్త్రీయ సంఘం ఉందా, మా రంగంలో నేను చదివే పేపర్ల రచయితలు అక్కడికి వెళ్తారా. లేదంటే మెయిల్ డిలీట్.

చివరిగా డబ్బు, బిల్లులు. ఇది మీ గైడ్ గారికి కూడా నచ్చే విభాగం. ఈజీయూ వాళ్లే కొందరు యువ పరిశోధకులకి ప్రయాణ సహాయం ఇస్తారు, కానీ దానికి అబ్‌స్ట్రాక్ట్ మామూలు గడువు కంటే ముందే పంపాలి. ఈ ఏడాదికి దాటిపోయి ఉంటుంది, వచ్చే ఏడాదికి గుర్తుంచుకోండి. మన ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్ (పాత సెర్బ్) ప్రయాణ సహాయ పథకం నోటిఫికేషన్లు చూడండి. మీ యూనివర్సిటీలో కూడా ఏదో ఒక నిధి ఉంటుంది, అడిగితేనే బయటికొస్తుంది. ప్రభుత్వ సొమ్ముతో వెళ్తుంటే టికెట్ ఎవరి దగ్గర కొనాలన్నదానికి నిబంధనలున్నాయి. నేను వెళ్లిన రోజుల్లో ఎయిరిండియాలోనే వెళ్లాలనేవారు. ఆ సంస్థ 2022లో ప్రైవేటుపరమైంది, ఆ నియమం మారింది, ఇప్పుడు అధీకృత ఏజెంట్ల ద్వారా కొనమంటున్నారు. టికెట్ కొనే ముందే అకౌంట్స్ సెక్షన్‌లో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. బోర్డింగ్ పాస్ ముక్కలు, రిజిస్ట్రేషన్ రసీదు, హాజరు సర్టిఫికెట్, వీసా ఫీజు, బీమా బిల్లు అన్నీ ఒకే కవర్లో వేసుకోండి. బోర్డింగ్ పాస్ ఫోన్‌లో ఉంటే చాలదా అంటారేమో, మా అకౌంట్స్ ఆయన ఒప్పుకోడు, మీ అకౌంట్స్ వాళ్లు కూడా ఒప్పుకోకపోవచ్చు. కౌంటర్లో కాగితం అడిగి తీసుకోండి. తిరిగొచ్చిన వారంలోపే టీఏ (ప్రయాణ భత్యం) బిల్లు, యూసీ (నిధుల వినియోగ ధ్రువపత్రం) పెట్టెయ్యండి. ఆ వారంలోనే నోట్‌బుక్ తీసి, రాసుకున్న వాళ్లందరికీ ఒక్కో మెయిల్ పంపండి. పోస్టర్ పీడీఎఫ్ జతచేసి, వాళ్లడిగిన ప్రశ్నకి ఒక్క వాక్యం జవాబు రాస్తే చాలు. పోస్టర్ డ్రాఫ్ట్ తయారయ్యాక ఇక్కడే పెట్టండి, తీరిక చూసుకుని చూస్తాను.